మూడు సైట్లు, ఒక్క సాక్షి

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఉండేవాళ్లు చరిత్ర చూడాలంటే ఎర్రకోట దాకా పోనక్కర్లేదు. మా కాలనీల నుంచి మహిపాల్‌పుర్ వెళ్లే దారికి కాస్త లోపలగా, సర్కారు తుమ్మల మధ్య, నాలుగు మూలలా బురుజులతో చిన్న కోటలాంటి కట్టడం ఒకటుంది. పేరు సుల్తాన్ ఘారీ. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ తన పెద్దకొడుకు నాసిరుద్దీన్ మహమూద్ కోసం కట్టించిన సమాధి మందిరం. ఆవరణ మధ్యలో ఎనిమిది మూలల అరుగు, దాని అడుగున నేలమాళిగలో సమాధి. గురువారాల్లో చుట్టుపక్కల ఊళ్ల హిందువులూ ముస్లింలూ పీరుబాబా దర్గాకి వచ్చినట్టే ఇక్కడికీ వచ్చి మొక్కుకుని వెళ్తారు.

మా కాలనీలో ఒక తెలుగువారమ్మాయి పదో తరగతి ప్రాజెక్టుకి దీన్నే ఎంచుకుని, రాసింది నాకు చూపించింది. "భారతదేశంలోనే మొట్టమొదటి ముస్లిం సమాధి, 1231లో కట్టారు" అన్నది మొదటి వాక్యం. ఎక్కడ చూశావమ్మా అంటే, "మూడు సైట్లలో ఇదే ఉంది అంకుల్. మూడిట్లో ఉందంటే కరెక్టే కదా?" అంది. మూడూ పక్కపక్కన తెరిచి చూశాం. వాక్యం ఒకటే, విశేషణాలు ఒకటే, ఆఖరికి సుల్తాను పేరులో దొర్లిన అక్షరదోషం కూడా ఒకటే. ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకున్నారు. మూడు నోళ్లు పలుకుతున్నా సాక్షి మాత్రం ఒక్కడే.

ఇంటర్నెట్‌లో చరిత్ర వెతికేవాళ్లు మొట్టమొదట పట్టుకోవాల్సింది ఇదేనని నా నమ్మకం. ఒక మాట ఎన్నిచోట్ల కనబడిందో లెక్కపెట్టుకుని ప్రయోజనం లేదు. అది ఎక్కడ పుట్టిందో వెనక్కి నడిచి చూడాలి. నడవనిచ్చే పేజీ మంచి పేజీ. ఏ ఆధారమూ చూపకుండా దారి మూసేసే పేజీ ఎంత అందంగా ఉన్నా, కింద ఎంత పెద్ద పేరున్నా, దాని మాట ఇంకా రుజువు కాలేదనే అనుకోవాలి.

ఆ అమ్మాయితో కలిసి వెనక్కి నడిచాం. సుల్తాన్ ఘారీ వాకిలి మీద అరబ్బీ శాసనం ఉంది. దాన్ని హొరోవిట్జ్ అనే జర్మన్ పండితుడు 'ఎపిగ్రాఫియా ఇండో మోస్లెమికా' 1911-12 సంచికలో అచ్చువేశాడు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1847లోనే ఢిల్లీ కట్టడాల మీద 'ఆసార్ ఉస్ సనాదీద్' రాశాడు. పురావస్తు శాఖకి మౌల్వీ జఫర్ హసన్ తయారుచేసిన ఢిల్లీ కట్టడాల జాబితా ఉంది. ఇవన్నీ ఇప్పుడు స్కాన్ ప్రతులుగా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. శాసనంలో ఉన్నది హిజ్రీ 629. ఆ సంవత్సరం 1231 అక్టోబరు 29న మొదలై 1232 అక్టోబరులో ముగిసింది. అంటే రెండు నెలలే 1231లో ఉన్నాయి, తక్కినదంతా 1232. అందుకే జాగ్రత్త గల పుస్తకాలు 1231-32 అని వేస్తాయి. నకలు చేసేవాళ్లు ఆ తోక కత్తిరించేశారు. ఇక "మొట్టమొదటి" అన్న మాట రాతిలో లేదు. నేటికి మిగిలిన పెద్ద సమాధి మందిరాల్లో ఇది పాతదని చరిత్రకారులు ఇచ్చిన తీర్పు అది. "మిగిలిన వాటిలో" అన్న ఒక్క మాట జారిపోయేసరికి పండితుడి తీర్పు కాస్తా రాతి మీది సత్యంలా తయారైంది.

ఇది ఢిల్లీ సంగతి. మన కాకతీయ రాణి రుద్రమదేవి విషయానికొద్దాం. ఆమె ఎప్పుడు చనిపోయింది అని వెతికి చూడండి. కొన్ని పేజీలు 1295 అంటాయి, కొన్ని 1289 నవంబరు 27 అంటాయి. కొన్ని ఇంకో అడుగు ముందుకేసి, ఎనభై ఏళ్ల వయసులో, తిరగబడిన కాయస్థ నాయకుడు అంబదేవుడితో యుద్ధం చేస్తూ నేలకొరిగిందని కళ్లకు కట్టినట్టు రాస్తాయి. వీటిలో దేన్ని నమ్మాలి?

నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం దొరికింది. సేనాని మల్లికార్జున నాయకుడి సేవకుడు పువ్వుల ముమ్మడి వేయించినది. రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నానని అందులో చెప్పుకున్నాడు. కాలం శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిర మాసం.

ఈ లెక్క సరిచూడడానికి పండితులే కానక్కర్లేదు, మన ఇళ్లలో వాడే పంచాంగం చాలు. శక సంవత్సరానికి 78 కలిపితే 1289. సంవత్సరాది తర్వాత జనవరి దాటితే 79 కలపాలి గాని, మార్గశిరం నవంబరు, డిసెంబరులలో వస్తుంది కాబట్టి ఇక్కడ 78 సరిపోతుంది. ఇప్పుడు ఇంకో వైపు నుంచి రండి. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. మనం చూసిన విరోధి 2009 ఉగాదికి వచ్చింది. అందులోంచి పన్నెండు అరవైలు, అంటే 720 ఏళ్లు తీసేస్తే మళ్లీ 1289. రెండు లెక్కలూ ఒకేచోట కలిశాయి. అదే 1295 అయివుంటే ఆ ఏటి పేరు మన్మథ కావాలి. శాసనంలో ఉన్నది విరోధి.

అయితే 1289 నవంబరు 27న రుద్రమ చనిపోయిందని రాయొచ్చా? కూడదు. అది ముమ్మడి దానం చేసిన రోజు. అప్పటికే ఆమె లేదు. ఎన్నాళ్ల ముందు పోయిందో ఆ రాయి చెప్పలేదు. యుద్ధంలో పోయిందనీ చెప్పలేదు. రాణీ సేనానీ ఇద్దరి మరణమూ ఒకే శాసనంలో కనిపించడం, అంబదేవుడు తిరగబడిన కాలం కావడం, ఈ రెండూ కలిపి చరిత్రకారులు చేసిన ఊహ అది. బలమైన ఊహే, గౌరవించదగ్గదే. కానీ ఊహని ఊహ అనే రాయాలి. వయసు ఎనభై అన్నదీ అలాంటిదే.

మరి 1295 ఎక్కడినుంచి వచ్చింది? పాత పుస్తకాల నుంచి. ఇక్కడ చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్లకు కాపీరైటు తీరుతుంది. కాబట్టి నెట్‌లో ధర్మంగా, ఉచితంగా దొరికేవన్నీ ఎక్కువగా పాత గ్రంథాలే. వాటి తర్వాత దొరికిన శాసనాలు, వాటి మీద జరిగిన దిద్దుబాట్లు కొత్త పుస్తకాల్లో, పత్రికల్లో ఉండిపోతాయి. చందుపట్ల శాసనం వెలుగు కాకతీయులపై పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి 1978 నాటి గ్రంథంలో కనిపిస్తుంది. అంతకు ముందటి మహాపండితుడి పుస్తకం తీసినా ఆ వెలుగు ఉండదు. అది ఆ పండితుడి లోపం కాదు, ఆయనకి ఆ రాయి దొరకలేదు. కాబట్టి స్కాన్ ప్రతి తెరవగానే ముందు అచ్చయిన సంవత్సరం చూడండి. ఆ తర్వాత ఏం దొరికిందో వెతకండి. ఉచితంగా చిక్కింది కదా అని అదే ఆఖరి మాట అనుకోకూడదు.

రాతికైనా నోరుంది కాబట్టి పక్షపాతమూ ఉంటుంది. త్రిపురాంతకంలో అంబదేవుడు వేయించిన శాసనం తన విజయాలను గొప్పగా చాటుకుంటుంది. రాజుల ప్రశస్తిలో పొగడ్త ఒక పాలు, సంగతి ఒక పాలు. ఆ కాలపువాడు రాశాడు కాబట్టి నిజమే అనుకోవడానికీ లేదు. రుద్రమకు సమకాలికుడై, మన తీరం గురించి రాసిన మార్కోపోలో మోటుపల్లి రాజ్యాన్ని ఏలే రాణిని ఎంతో మెచ్చుకుంటూనే, ఆమె చనిపోయిన రాజు భార్య అన్నాడు. 1261 నాటి మల్కాపురం శాసనం చూస్తే ఆమె గణపతిదేవుడి కూతురని తేలిపోతుంది. రేవులో వినికిడి మీద రాసిన విదేశీయుడికంటే, ఆమె స్వయంగా ఇచ్చిన దానాన్ని నమోదు చేసిన రాయికి ఈ విషయంలో విలువ ఎక్కువ. వ్యాపారం గురించైతే మార్కోపోలో మాటకే విలువ ఎక్కువ కావచ్చు. ఏ సాక్షికి ఏది తెలిసే వీలుందో అడగాలి.

ఇలా వెనక్కి నడవడానికి తెలుగువాళ్లకి ఇప్పుడున్నంత సదుపాయం ఎన్నడూ లేదు. చిత్తూరు జిల్లాలో పుట్టి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్‌లో ఉండి పది లక్షల పుస్తకాలను డిజిటల్ చేయాలని తలపెట్టారు. దానిలో భాగంగా మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నడిచింది. ఆ తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. శాసనాలు అచ్చువేసిన ఎపిగ్రాఫియా ఇండికా, సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ సంపుటాలు అక్కడే చదువుకోవచ్చు. జనపథ్‌లోని జాతీయ అభిలేఖాగారం 'అభిలేఖ్ పటల్' పేరుతో తన దస్త్రాలను ఆన్‌లైన్‌లో పెట్టింది. తెలుగు వికీసోర్స్‌లో పాత గ్రంథాల్ని టైపు చేసి, పక్కన స్కాన్ పేజీ కూడా చూపిస్తారు. అనుమానమొస్తే అక్షరం అక్షరం సరిచూసుకోవచ్చు.

వెతకడంలో ఒక చిన్న కిటుకు. ఆ పాత స్కాన్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అని కొడితే దొరక్కపోవచ్చు. స్పెల్లింగు మార్చి, సురవరం అన్న రచయిత ఇంటిపేరుతో, అచ్చయిన 1949 సంవత్సరంతో వెతికితే తగులుతుంది. దొరకలేదని లేదనుకోవద్దు. మొదటి పేజీ, ముందుమాట, అధస్సూచికలు చదవకుండా లోపలి వాక్యం ఒక్కటి తీసుకుని పారిపోవద్దు.

వికీపీడియా నమ్మొచ్చా అని అడుగుతుంటారు. దాన్ని గమ్యంగా తీసుకుంటే ప్రమాదం, గుమ్మంగా తీసుకుంటే మేలు. వ్యాసం అడుగున మూలాలు చూడండి, 'చరిత్ర' నొక్కి ఏ మాట ఎప్పుడు చేరిందో చూడండి, 'చర్చ' పేజీలో ఎవరు దేనికి అభ్యంతరం చెప్పారో చూడండి. ఇంత బాహాటంగా తన చిత్తుప్రతిని చూపించే అచ్చు పుస్తకం లేదు. కృత్రిమ మేధని అడిగినా ఇదే నియమం. అది గ్రంథం పేరు, పేజీ అంకె కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. ఆ గ్రంథం అసలుందా, ఆ పేజీలో ఆ మాట ఉందా అని తెరిచి చూసేదాకా దాన్ని వాడకూడదు.

ఇక మన ఫోన్లలో ఏళ్ల తరబడి తిరుగుతున్న మెకాలే సందేశం. భారతదేశమంతా తిరిగాననీ, ఒక్క బిచ్చగాడూ ఒక్క దొంగా కనబడలేదనీ, ఈ జాతి వెన్ను విరచాలంటే దాని చదువుని మార్చాలనీ 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో ఆయన ప్రసంగించాడని దాని సారం. 1834 జూన్‌లో మద్రాసులో దిగిన మెకాలే 1838 దాకా ఇండియాలోనే ఉన్నాడు. ఆ ఫిబ్రవరి 2న ఆయన రాసింది విద్య మీద తన మినిట్ (అధికారిక అభిప్రాయ పత్రం), కలకత్తాలో. ఆ రోజు లండన్ పార్లమెంటులో మాట్లాడే అవకాశమే లేదు. సభా చర్చల రికార్డు హాన్సార్డ్, ఆయన అసలు మినిట్ రెండూ నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఆ మినిట్‌లో మన సంస్కృత, అరబ్బీ వాఙ్మయాల పట్ల చూపిన చిన్నచూపు చదివితే ఎవరికైనా రక్తం మరుగుతుంది. నిజమే అంత ఘాటుగా ఉండగా అబద్ధంతో పనేమిటి? తప్పుడు కాగితం చూపి వాదించేవాడు నిజమైన ఫిర్యాదును కూడా ఓడిస్తాడు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టింది మన చరిత్ర మన భాషలో, ఆధారాలతో సహా చదువుకోవాలని. ఆయనకి ఒక్కో సంపుటం సంపాదించడమే గగనం. ఇవాళ అవన్నీ మన అరచేతిలో ఉన్నాయి. ఊరికి దూరంగా, ఢిల్లీలోనో డాలస్‌లోనో పెరుగుతున్న మన పిల్లలకి తాతల చరిత్ర చేరేది ఈ తెర మీదుగానే. అక్కడ చేరేది కల్తీదైతే వాళ్లకి అసలు రుచి ఎప్పటికీ తెలియదు.

కాబట్టి పాఠకులకు నా మనవి ఒక్కటే. మీ ఊరి గుడి గురించో, కోట గురించో, మీ తాలూకా వీరుడి గురించో ఏదైనా రాసినా, ఎవరికైనా పంపినా, కింద ఒక్క వరుస చేర్చండి: పుస్తకం పేరు, అచ్చయిన సంవత్సరం, పేజీ. శాసనమైతే ఊరు, శక సంవత్సరం. పెద్దవాళ్లు చెప్పగా విన్నదైతే "మా నాయనమ్మ చెప్పింది" అనే రాయండి, అదీ ఆధారమే. ఆ వరుస రాయడానికి మీ దగ్గర ఏమీ లేకపోతే, ఆ సందేశం మీ దగ్గరే ఆగిపోనివ్వండి.