పలనాటి వీరచరిత్రమున మైత్రి

రాజ్యతంత్రము వస్తువుగా గల విషాదకావ్యములలో వీరము, స్వామిభక్తి, మైత్రి అను మూడు గుణములును తఱచుగా ఒక్కచోటనే కనబడును. ఇవి పరస్పరము తోడుగా నడచినంతవరకు అది వీరకథ. ఒకదానిని నిలుపుకొనుటకు వేఱొకదానిని విడువవలసి వచ్చినపుడే అది విషాదకథ యగును. షేక్స్పియరు రచించిన జూలియస్ సీజరు నాటకమున బ్రూటసు తన దేశముపట్ల విశ్వాసము నిలుపుకొనుటకై మిత్రుని పొడిచెను. ఆ నాటకమును వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1876లో తెనిగించిరి గనుక బ్రూటసు చిక్కు తెలుగువారికి క్రొత్తది కాదు. అంతకంటె సూక్ష్మమైన చిక్కు మన పలనాటి వీరచరిత్రములోనే కలదు. దానిని మన విమర్శకులు తగినంతగా పరిశీలింపలేదని నా అభిప్రాయము.

శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ఈ ద్విపదకావ్యమును 1911లో అక్కిరాజు ఉమాకాంతవిద్యాశేఖరులు ప్రకటించిరి. 12వ శతాబ్దిలో గురజాల, మాచెర్ల రాజ్యముల దాయాదులకు జరిగిన పోరు దీని వస్తువు. కోడిపందెమున ఓడి మలిదేవాదులు రాజ్యము విడిచిరి. పిమ్మట తమ భాగము నడుగుటకై నలగామరాజు కడకు పంపిన అలరాజు, రాయబారి యయ్యును, నలగామరాజునకు స్వయముగా అల్లుడయ్యును, విషప్రయోగమున మడిసెను. బంధుత్వమును, రాయబారధర్మమును ఒక్క దెబ్బతో తెగిన తరువాత నాగులేటి యొడ్డున కారెంపూడి రణభూమి తప్ప వేఱు త్రోవ మిగులలేదు.

ఈ కథలోని స్వామిభక్తి కేవలము రాజభక్తి కాదు. మాచెర్ల పక్షమును కూర్చి నిలిపినది బ్రహ్మనాయుని చాపకూడు. కులభేదము పాటింపక వీరులందఱు ఒక్క పంక్తిని భుజించిరి. మాలవాడైన కన్నమదాసును నాయుడు పెద్దకొడుకుగా జూచెను. నాయుని కుమారుడు బాలచంద్రుని చెలికాండ్రలో మంగలి, కుమ్మరి, చాకలి మొదలగు వారుండిరి. వారందఱును అతనికి తమ్ములు. ఆ తమ్ములలో బ్రాహ్మణుడైన అనపోతును ఒకడు. ఇట్టి సైన్యమున విశ్వాసము పైనుండి వచ్చిన ఆజ్ఞ కాదు, ప్రక్కన కూర్చున్నవానితో పంచుకొన్న కూడు.

బాలచంద్రుడు మొదట బొంగరము లాడుకొను బాలుడు. శ్యామాంగి వలపున మునిగి ఇల్లాలిని మఱచిన యువకుడు. బొంగరము తగిలి గాయపడిన అన్నమ నిష్ఠురోక్తులతో అతడు మేల్కొనెను. తల్లి ఐతాంబ పుత్రప్రేమచే అతని నాపదలచి కోడలు మాంచాల కడకు పంపెను. మాంచాల తన సుఖమును గాక అతని ధర్మమును దలచి యుద్ధమునకు సాగనంపెను. కావ్యమున ఈ ఘట్టమును పాఠకులు మిక్కిలి మెచ్చుకొందురు, అది న్యాయమే. అయినను విషాదబీజము దీనికి తరువాతి ఘట్టమున నున్నది.

దారిలో బాలచంద్రునకు అనపోతును గూర్చి శంక కలిగెను. బ్రాహ్మణుని మృత్యుముఖమునకు గొనిపోయిన పాపము తనకు చుట్టుకొనునని వెఱచి, ఒక నెపము పన్ని అతనిని వెనుకకు పంపి, తాను మిగిలిన తమ్ములతో ముందుకు సాగెను. అనపోతు మరలి వచ్చి మోసము నెఱిగి ఆత్మహత్య చేసికొనెను.

దీనిని బాలచంద్రుని ధర్మభీరుత్వమునకు నిదర్శనముగా చెప్పవచ్చును. నాకట్లు తోచదు. అతడు దాచదలచినది మిత్రుని ప్రాణము. తీసివేసినది మిత్రుని చోటు. కూటిపంక్తిలో లెక్కకు రాని కులము మరణపంక్తిలో లెక్కకు వచ్చినది. చాకలికి, మంగలికి దొరకిన సమానత్వము బ్రాహ్మణునకు దొరకలేదు. గౌరవమే వెలియైనది. ఇచట దుర్మార్గుడు లేడు. నాయకురాలు నాగమ్మ తంత్రమును లేదు. ప్రేమయు, పాపభీతియు కలిసి ఆడిన ఒక్క అబద్ధము మాత్రమే కలదు. శత్రువు విషము పెట్టి చంపిన అలరాజు మరణముకంటె ఇది నన్ను ఎక్కువగా కలచును.

సీజరు నాటకమునను దీనికి పోలిక యున్నది. ఫిలిపై యుద్ధభూమిలో కాషియసు తన మిత్రుడు టిటీనియసును ఒక పనిమీద పంపును. దూరపుచూపు తప్పి, మిత్రుడు శత్రువులకు చిక్కెనని తలచి ప్రాణము విడుచును. టిటీనియసు మరలి వచ్చి, చచ్చిన మిత్రుని చూచి, అతని కత్తితోనే కూలును. రెండుచోట్లను పంపబడిన మిత్రుడు తిరిగివచ్చి మరణించెను. రోమునందు తప్పినది కన్ను, పలనాట తప్పినది మాట. కంటితప్పు విధికృతమని సరిపెట్టుకొందుము. మాట తప్పినవాడు మనకు ప్రియమైన నాయకుడే యైనపుడు సరిపెట్టుకొనుట సులభము కాదు.

అనపోతు మరణము తరువాత బాలచంద్రుని వీరమును వేఱుగా చదువవలెను. పెద్దలు సంధికి సమ్మతించినను అతడు సమ్మతింపలేదు. దానిని యౌవనోద్రేకమని చెప్పుట చాలదు. మిత్రుడు తనకంటె ముందే మడిసియుండగా, బ్రతికి యింటికి పోవు సంధి అతనికెట్లు రుచించును? కవి ఈ కారణమును విప్పి చెప్పలేదు, కథాక్రమమే చెప్పుచున్నది.

కారెంపూడిలో నేటికిని ఏటేట కార్తికమాసాంతమున పలనాటి వీరులకు ఉత్సవము జరుగును. అచ్చట ఈ వీరులు దైవములు, దైవములకు తప్పులుండవు. ఆ క్షేత్రమునకు దూరముగా, ఖరగ్పూరు రైలుపట్టణములోని ఝపటాపూరున నున్న తెలుగు పాఠకునకు చేతనున్నది పుస్తక మొక్కటే. అందు అతనికి కనబడువారు మనుష్యులు. యుద్ధాంతమున బ్రహ్మనాయుడు నలగామునికే రాజ్య మప్పగించి గుత్తికొండ బిలమునకు పోయెనని కథ. గెలుపు ఓటములు అట్లు సమసిపోయినవి. ఒక్క పంక్తిని భుజించినవారికి ఒక్క పంక్తిని మరణించు హక్కు కలదా యని అనపోతు తన ప్రాణముతో అడిగిన ప్రశ్న మాత్రము సమసిపోలేదు. వీరకథయైన ఈ గ్రంథమును విషాదకావ్యముగా చేసినది ఆ ప్రశ్నయే.