సిద్ధాంతం ఎవరి సొత్తు?

రాజకీయ తత్వం కోసం, ప్రజాజీవితం కోసం విశ్వవిద్యాలయాల్లో పెట్టిన పరిశోధనా కేంద్రాల్లోనూ ఒక కులవృత్తి కనబడుతుంది. న్యాయం గురించి, సమానత్వం గురించి ఆలోచించేది ఒకరు. వాడవాడా తిరిగి లెక్కలూ గోడూ మోసుకొచ్చేది మనోళ్ళు. ఢిల్లీ జెఎన్‌యూ రాజనీతి అధ్యయన కేంద్రంలో పాఠాలు చెప్పిన గోపాల్ గురు 2002లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఈ గుట్టే విప్పారు. సిద్ధాంతం బ్రాహ్మణులకీ, సమాచార సేకరణ శూద్రులకీ పంచిన చదువు ఇది అన్నారు. అనుభవించని వాడు ఆ అనుభవాన్ని సిద్ధాంతం చెయ్యొచ్చా అన్న చర్చను సుందర్ సరుక్కై అందుకున్నారు. ఇద్దరి వాదమూ 2012లో 'ది క్రాక్డ్ మిర్రర్' పుస్తకమైంది.

గురు విమర్శతో మాకు పేచీ లేదు. కవిత్వం సిద్ధాంతానికి బదులు కాలేదన్న మాట దగ్గరే పేచీ. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఊరెవరిది, రాజ్యం ఎవరి పక్షం అని తెలుగు దళితులు నిలదీసింది పాటలోనూ కవితలోనే గదా! 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనాన్ని వట్టి ఆవేశమని తోసేస్తే ఆ ప్రశ్నలెక్కడికి పోతాయి?

పాట ఒక్కటే చాలదు, నిజమే. 1936లో లాహోర్ సభ రద్దయితే అంబేద్కర్ ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో అచ్చేశారు. ఏ కేంద్రం ముద్రా లేకుండానే 'కుల నిర్మూలన' రాజకీయ తత్వమైంది. కాబట్టి కేంద్రంలో మనకో కుర్చీ వేస్తే సరిపోదు. ఏది సిద్ధాంతమో తేల్చే హక్కులోనే వాటా కావాలి.