కత్తి లేదు, కోత లేదు

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర ఈ వారం కొత్త ఫ్లెక్సీ వెలిసింది. ‘కత్తి లేదు, కోత లేదు, కుట్లు లేవు – మొలలకు లేజర్’. అక్షరాల కంటే పెద్దగా ఒక ఎర్రటి మెరుపు బొమ్మ. ఫ్లెక్సీల మీద నా అక్కసు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తేమీ కాదు. పుట్టినరోజు ఫ్లెక్సీలనైనా ఓర్చుకుంటాను గానీ, వైద్యం ఫ్లెక్సీలను చూస్తే ఒళ్లు మండుతుంది.

లేజర్ అంటే అన్ని రోగాలకూ ఒకే మంత్రదండం కాదు. 1960లో అమెరికాలో థియోడార్ మైమన్ కెంపు కడ్డీతో తొలి లేజర్ వెలిగించాడు. మరుసటేడు డిసెంబరుకల్లా న్యూయార్క్‌లో చార్లెస్ క్యాంప్‌బెల్ దాంతో ఒక రోగి రెటీనాలోని కణితిని కాల్చేశాడు. అంత తొందరగా ఎట్లా అంటారా? వెలుతురుతో కంటిని కాల్చే విద్య అప్పటికే ఉంది. 1945లో గ్రహణాన్ని ఉత్త కళ్లతో చూసి రెటీనా కాల్చుకున్న ఒక విద్యార్థి, జర్మనీలో మేయర్-ష్విక్కెరాత్ అనే కంటి డాక్టరు దగ్గరికి వచ్చాడు. పాడుచేసిన ఎండతోనే బాగుచేయొచ్చు కదా అని ఆ డాక్టరుకు తట్టింది. హాంబుర్గ్‌లో ఆసుపత్రి డాబా మీది నుంచి అద్దాలతో సూర్యుణ్ణి లోపలికి మళ్లించి, రెటీనా చిరుగుల చుట్టూ కాల్చి అతికించాడు. మబ్బు పడితే వైద్యం బంద్. మా ఖేడ్ ఎండలు చూసి ఉంటే ఇక్కడే మకాం పెట్టేవాడేమో! తర్వాత జెనాన్ దీపం వచ్చింది, ఆ వెనుక లేజర్.

కెంపు లేజర్‌కు ఒక లోటుంది. దాని ఎర్ర కాంతిని రక్తం పెద్దగా పీల్చుకోదు. షుగరుతో చెడిన రక్తనాళాలను కాల్చాలంటే అది సరిపోలేదు. 1968లో లెస్పెరాన్స్ నీలి-ఆకుపచ్చ ఆర్గాన్ లేజర్ తెచ్చాకే ఆ పని సాగింది. ఇక కత్తిలా కోసే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన పొరుగువాడే, బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఆ కాంతిని ఒంట్లోని నీరు ఇట్టే పీల్చుకుని మరిగిపోతుంది. చర్మం తెగుతుంది, సన్నని రక్తనాళాలు అక్కడికక్కడే మూసుకుంటాయి. మామూలు గాజు తీగలో ఆ కాంతి పోదు. అందుకని కీలు కీలుకూ అద్దం బిగించిన పొడవాటి చెయ్యి ఒకటి యంత్రానికి తగిలించి, దానిగుండా రోగి దాకా తెచ్చేవాళ్లు. ‘కోత లేదు’ అనే మాటకు ఇంత కోత చరిత్ర ఉంది.

ఇదంతా ఫ్లెక్సీవాళ్ల మీదికి ఎక్కుపెట్టి రాద్దామనే కూర్చున్నాను. పెద్దమ్మ అడ్డం వచ్చింది.

2018లో కంటి వెలుగు శిబిరంలో ఆమెకు రెండు కళ్లకూ శుక్లం ముదిరిందన్నారు. ‘కంట్ల కత్తి పెడ్తరా? సస్తే రాను’ అని ఏళ్ల తరబడి మొండికేసింది. డాక్టర్లు చెప్పారు, కొడుకులు చెప్పారు, నేనూ చెప్పాను. చివరికి ఒక ఫ్లెక్సీ మీద ‘లేజర్’ అని మనవరాలు చదివి వినిపిస్తే బయల్దేరింది. అక్కడ చేసింది మామూలుగా కోసి, లెన్సు పెట్టే ఆపరేషనే! ఆ సంగతి మేమెవరం ఆమెకు చెప్పలేదు.

అసలు లేజర్ తర్వాతెప్పుడో వచ్చింది. లెన్సు వెనక పొర మసకబారితే ‘శుక్లం మళ్లొచ్చింది’ అని గాబరా పడింది. డాక్టరు చుక్కలు వేసి, గడ్డం ఆనించి కూర్చోబెట్టి, యాగ్ లేజర్‌తో టిక్కు టిక్కుమని ఆ పొరకు మధ్యలో కిటికీ తెరిచాడు. ఇది కాల్చదు. రెప్పపాటులో కోట్లవ వంతు కాలంలో నిప్పురవ్వ పుట్టి, ఆ దెబ్బకు పొర చిరుగుతుంది. పెద్దమ్మ లేచి, ‘గింతేనా? మొన్న గంట పట్టిందే’ అంది.

కాబట్టి ఆ ఫ్లెక్సీలను పీకించమని మున్సిపాలిటీకి రాయదలచిన ఉత్తరం ప్రస్తుతానికి ఆపాను. నాలుగైదేళ్ల మా బతిమాలడం చేయలేని పని ఆ అబద్ధపు ముక్క చేసింది మరి.

ఇప్పుడు సమస్య పెద్దనాయనది. ఆయన పాత షుగరు మనిషి. చూపు బాగానే ఉంది కాబట్టి రెటీనా పరీక్షకు రాడు. చూపు తగ్గాక పోతే ఆలస్యమవుతుందని చెప్పినా వినడు. పెద్దమ్మ మాత్రం దారి వెతికింది. వచ్చే సోమవారం తన కళ్లు చూపించుకోవాలి, తోడు రమ్మని ఆయన్ని పిలిచింది.