అతుక్కి గడువు

ఈ వారం సింగపూర్‌లోని యూ టీలో మా బ్లాకు గోడకున్న వాన గొట్టం జారకుండా ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి ఉండటం చూశాను. ఎండకు తెల్లబడిపోయింది, అంటే ఎన్నాళ్ళనుంచో అలాగే ఉంది. ఒళ్ళు మండింది. అతుకుల పనంటే నాకెంత కోపమో ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు.

ఈ ఊళ్ళో ఆ టైకి ఒక చరిత్ర ఉంది. 2011 డిసెంబరు 15, గురువారం సాయంత్రం రద్దీ వేళ, మా మెట్రో నార్త్ సౌత్ లైన్ రైళ్ళు నగరం నడిమధ్య సొరంగంలో ఆగిపోయాయి. గాలాడని ఒక బోగీలో ప్రయాణికులు మంటలార్పే సిలిండరుతో కిటికీ అద్దం పగలగొట్టారు. 17న మళ్ళీ అదే కథ. రైలుకు కరెంటు అందించే మూడో పట్టాను పట్టి ఉంచే కొక్కేలు ఊడి, పట్టా కిందికి జారింది. దాన్ని తాకుతూ సాగే కరెంటు షూలు దెబ్బతిన్నాయి. కొన్నిచోట్ల ఆ కొక్కేలను ప్లాస్టిక్ కేబుల్ టైలతో కట్టారని తెలిసినప్పుడు జనం నివ్వెరపోయారు. 2012లో విచారణ సంఘం నిర్వహణ లోపాన్ని ఎత్తిచూపింది.

అప్పుడు నేనూ అందరితోపాటు టైనే తిట్టాను. కానీ తర్వాత జరిగింది చూడండి. 2013 నుంచి 2016 దాకా ఈ లైనులోనూ ఈస్ట్ వెస్ట్ లైనులోనూ పట్టాల కింది పాత కలప స్లీపర్లు లక్షకు పైగా తీసి కాంక్రీటువి వేశారు. చివరి రైలు వెళ్ళాక, మొదటి రైలు వచ్చేలోగా దొరికే మూడు గంటల చిల్లరలో, రాత్రి తర్వాత రాత్రి. ఆ అన్నేళ్ళూ యూ టీ జనం పొద్దున్నే అదే లైనెక్కి పనికి పోయారు. అంతా పక్కా అయ్యాకే రైలు కదలాలంటే లైను ఏళ్ళపాటు మూతపడేది. పాతదాన్ని ఎలాగోలా నిలబెట్టి ఉంచితేనే కొత్తది వేయడానికి వ్యవధి దొరుకుతుంది.

అందుకే నా కోపం ఇప్పుడు అతుకు మీద కాదు, వేసి మరిచిపోయే అలవాటు మీద. ఏ తేదీకి విప్పుతారో, ఎవరొచ్చి చూస్తారో అతుకు పక్కనే రాసి ఉండాలి. 1987లో ఈ లైను మొదలైనప్పుడు ఆ కలప స్లీపర్లే శాశ్వతం. ఇప్పటి కాంక్రీటుకూ ఓ రోజు వస్తుంది. మళ్ళీ వచ్చి చూసే మనిషికి జీతం, సమయం, గౌరవం ఇవ్వని చోట ఎంత గట్టి పనైనా తాత్కాలికమే.