టిక్‌మన్న ప్రతిదీ రిలే బోర్డు కాదు

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి రిలే బోర్డు కావాలంటే, ఎన్ని ఛానళ్లది, అంటే ఎన్ని రిలేలున్నది కావాలని ఎదురు ప్రశ్న వస్తుంది. ఒక ఛానల్‌ది అరచేతిలో సగం కూడా నిండదు. పలక మీద నీలం డబ్బా, ఒక పక్క మూడు పిన్నులు, ఇంకో పక్క మూడు స్క్రూలు. ఆర్డునో అనే చిన్న కంట్రోలర్ బోర్డు కొన్న కుర్రాడు ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పడం నేర్చుకోగానే చూపు దీని మీదే పడుతుంది. అప్పటిదాకా అతను ఆడుకున్నది 5 ఓల్టులతో. ఇంటి గోడలో ఉన్నది 230 ఓల్టులు. ఈ రెండూ ఒకదాన్నొకటి తాకకుండా మొదటిది రెండోదాన్ని ఆడించాలి. ఆ విద్య రిలేకు తెలిసినంత శుభ్రంగా మరే కాంపొనెంట్‌కూ తెలియదు.

లోపల మంత్రమేమీ లేదు. రాగి తీగ చుట్ట, ఇనప రేకు, స్ప్రింగు, వెండి కలిసిన కాంటాక్టులు. చుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై రేకును లాగుతుంది. కాంటాక్టు ఇటు నుంచి అటు మారుతుంది, టిక్‌మంటుంది. కాయిల్‌కీ కాంటాక్టులకీ మధ్య తీగ సంబంధమే లేదు. ఉన్నదల్లా కాస్త గాలి, కాస్త ప్లాస్టిక్కు. ఇంత సాదా వస్తువు ఇంత పెద్ద బాధ్యత మోయడం చూస్తే ముచ్చటేస్తుంది.

చరిత్ర చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతంలో ఒక చిన్న సర్క్యూట్‌తో పెద్ద సర్క్యూట్‌ను ఆడించి విద్యార్థులకు చూపించాడంటారు. తర్వాత టెలిగ్రాఫు, టెలిఫోను ఎక్స్ఛేంజీలు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి. ఆ వివరాలు ఎలా ఉన్నా, ఘనుల పేర్లు నాలుగైనా తలచుకోవాలి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే జార్జి స్టిబిట్జ్ 1937లో ఇంట్లో వంటగది బల్ల మీద టెలిఫోను రిలేలు, టార్చిలైటు బల్బులు, పొగాకు డబ్బా రేకు ముక్కలు పెట్టుకుని కూడికలు చేసే యంత్రం కట్టాడు. అదే ఏడాది ఎంఐటీ విద్యార్థి క్లాడ్ షానన్ రిలే సర్క్యూట్లకు బూలియన్ బీజగణితం సరిపోతుందని ఒక సిద్ధాంత వ్యాసంలో తేల్చాడు. బెర్లిన్‌లో కొన్రాడ్ త్సూజె 1941లో నడిపించిన జడ్3 కంప్యూటర్ నిండా రెండు వేలకు పైగా రిలేలే. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్-2 యంత్రం మొరాయిస్తే, రిలేలో చిక్కిన చిమ్మట పురుగును తీసి లాగ్‌బుక్కులో అతికించారు.

ఈ పని పెద్ద ల్యాబుల సొత్తనుకుంటే పొరపాటు. 1950 అక్టోబరు నుంచి 'రేడియో-ఎలక్ట్రానిక్స్' పత్రిక ఎడ్మండ్ బర్క్‌లీ రూపొందించిన 'సైమన్' అనే బుల్లి రిలే కంప్యూటర్‌ను ఇంట్లో ఎలా కట్టుకోవాలో వరుసగా ప్రచురించింది. దానికి సున్నా నుంచి మూడు వరకే అంకెలు తెలుసు. అయినా చేత్తో కట్టినవాడికి కంప్యూటర్ లోపలి గుట్టు తెలిసిపోయేది. మన కాలంలో పోర్ట్‌లాండ్‌కు చెందిన ప్రొఫెసర్ హ్యారీ పోర్టర్ 415 రిలేలతో పూర్తి కంప్యూటర్ కట్టారు. అది లెక్క వేస్తుంటే ప్రతి అడుగూ చెవికి వినిపిస్తుంది. ఏ చిప్పు ఇవ్వగలదు ఆ ఆనందం?

మన దగ్గర రిలే పనితనం చూడాలంటే రైల్వే సిగ్నల్ శాఖ వాళ్లను అడగాలి. సికింద్రాబాద్‌లోని రైల్వే శిక్షణ సంస్థ ఇరిసెట్ 1957 నుంచి సిగ్నల్ ఇంజినీర్లను తయారుచేస్తోంది. రైల్వేలు వాడే ఒక రకం రిలేలో కదిలే భాగం స్ప్రింగును నమ్ముకోదు, కరెంటు ఆగగానే సొంత బరువుతో కిందికి పడుతుంది. ముఖ్యమైన కాంటాక్టుల్లో ఒకటి వెండి అయితే రెండోది వెండి కలిసిన గ్రాఫైటు, కాబట్టి ఎంత వేడెక్కినా రెండూ కరిగి అతుక్కోవు. తీగ తెగినా, ఫ్యూజు పోయినా, సరఫరా ఆగినా రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. ఏది చెడినా భద్రమైన వైపే చెడాలన్న ఈ నియమమే రిలే విద్యకంతటికీ ప్రాణం. వేల టన్నుల రైలుకైనా డాబా మీది నీళ్ల ట్యాంకుకైనా నియమం ఒక్కటే.

ఇక మన బోర్డు సంగతి. మామూలుగా దొరికే 5 ఓల్టుల రిలే కాయిల్ నిరోధం 70 ఓమ్‌లు. అంటే దాన్ని లాగడానికి 70 మిల్లీఆంపియర్లు కావాలి. ఆర్డునో ఉనో గుండెకాయ ఏటీమెగా328 పిన్ను తట్టుకునే గరిష్ఠ పరిమితి 40. ఈఎస్‌పీ8266 అనే మరో కంట్రోలర్ పిన్ను ఇవ్వగలిగేది 12. కాబట్టి మధ్యలో ట్రాన్సిస్టర్ తప్పదు. కాయిల్ ఆగిన క్షణాన అందులో నిలిచిన అయస్కాంత శక్తి ఎదురు ఓల్టేజీగా ఎగజిమ్ముతుంది, 5 ఓల్టుల కాయిల్ వంద ఓల్టులు దాటించినా వింత లేదు. దాన్ని మింగడానికి కాయిల్‌కు అడ్డంగా, తిరగేసి, ఒక డయోడు ఉండాలి. రూపాయికో రెండు రూపాయలకో వచ్చే ఆ డయోడే వందల రూపాయల కంట్రోలర్‌ను కాపాడుతుంది. ఎనిమిది రిలేలు ఒకేసారి లాగితే సుమారు 570 మిల్లీఆంపియర్లు అవుతుంది, ఉనో యూఎస్‌బీ ఫ్యూజు పరిమితి 500. అందుకే చేయి తిరిగినవాళ్లు రిలేలకు విడిగా 5 ఓల్టుల సప్లై ఇస్తారు.

విడిగా సప్లై ఇవ్వడంలోనూ ఒక సొగసుంది. మంచి బోర్డు మీద జేడీ-వీసీసీ అని రాసిన చోట చిన్న జంపర్ ఉంటుంది. దాన్ని పీకి, కాయిళ్లకు వేరే సప్లై ఇచ్చి, రెండు గ్రౌండ్‌లనూ కలపకుండా వదిలేస్తే కంట్రోలర్‌కీ రిలేకీ మధ్య మిగిలేది, వెలుగుతోనే సంకేతాన్ని దాటించే ఆప్టోకప్లర్ మాత్రమే. ఈఎస్‌పీ లాంటి 3.3 ఓల్టుల బోర్డు వాడేవాళ్లు వీసీసీకి 3.3, జేడీ-వీసీసీకి 5 ఇస్తే రిలే ఆరీ ఆరనట్టు ఉండే గోల కూడా తీరుతుంది. చాలామంది ఆ జంపర్ ఎందుకుందో తెలియకుండానే ఏళ్లు గడిపేస్తారు.

నీళ్ల ట్యాంకు కంట్రోలర్‌నే తీసుకుందాం, పనివాడి తెలివి అక్కడ బయటపడుతుంది. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటు అయిదారు ఆంపియర్లే కావచ్చు, మొదలయ్యే క్షణంలో మాత్రం దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. 10 ఆంపియర్లని రాసి ఉందని రిలేను నేరుగా మోటారుకు కడితే ఏదో ఒక రోజు కాంటాక్టులు అతుక్కుంటాయి, ట్యాంకు పొంగి వీధి తడుస్తుంది. తెలిసినవాడు రిలేతో కాంటాక్టర్ అనే పెద్ద రిలేను, కాంటాక్టర్‌తో మోటారును ఆడిస్తాడు. కాంటాక్టర్ కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటరు పెట్టి నిప్పురవ్వను అణుస్తాడు. వైరును మామూలుగా మూసి ఉండే ఎన్‌సీ స్క్రూకి కాకుండా, తెరిచి ఉండే ఎన్‌ఓకి బిగిస్తాడు. కంట్రోలర్ చచ్చిపోతే మోటారు ఆగాలి కదా!

ప్రోగ్రాములోనూ అదే జాగ్రత్త. ఈ బోర్డులు చాలావరకు పిన్ను కిందికి దిగితే ఆన్ అయ్యే రకం. పిన్‌మోడ్ ముందు రాసి డిజిటల్‌రైట్ తర్వాత రాస్తే, కరెంటు వచ్చిన ప్రతిసారీ రిలే ఒక్క క్షణం టిక్‌మని మోటారును తట్టి లేపుతుంది. ఆ రెండు వరుసలను తారుమారు చేస్తే చాలు, నిశ్శబ్దం. ఈఎస్‌పీ8266లో డీ3, డీ4, డీ8 పిన్నులు బూటు సమయంలో వేరే పనిలో ఉంటాయి, రిలేకు డీ1, డీ2 మేలు. నీటి మట్టం 40 శాతానికి దిగితే ఆన్, 95కు చేరితే ఆఫ్ అని మధ్యలో ఎడం పెట్టాలి. మోటారు తిరుగుతున్నా మట్టం పెరగకపోతే బోరు ఎండిందని గ్రహించి ఆపేయాలి. ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లు ఒక లెక్క చూడాలి. ఈ రిలేలకు లోడు మీద ఆయుష్షు సుమారు లక్ష సార్లు. నిమిషానికోసారి లాగిస్తే డెబ్బై రోజులైనా నిండకుండానే ఆ లక్ష అయిపోతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన థియో ఆరెండ్స్ రాసిన టాస్మోటా ఫర్మ్‌వేర్‌లో కరెంటు పోయి వచ్చాక రిలే ఏ స్థితిలో లేవాలో ముందే చెప్పిపెట్టే ఏర్పాటు ఉంది. రిలే మనసెరిగినవాడి పని అది.

పల్లెలకు ఈ విద్య కొత్తేమీ కాదు. అర్ధరాత్రి త్రీఫేజ్ వచ్చినప్పుడు పాములు తిరిగే గట్ల మీద నడిచి వెళ్లే బాధ తప్పించింది, కరెంటు రాగానే రిలేతో మోటారును తానే వేసే ఆటోస్టార్టరే. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్'తో మొబైల్ ఫోను నుంచే మోటారు వేసే దారి చూపించారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భ జలాలు తోడేస్తాయని ఆటోస్టార్టర్లు తీసేయమని తెలంగాణ ప్రభుత్వం రైతులను కోరాల్సి వచ్చింది. రిలే ఊళ్లలో ఎంతగా పాతుకుపోయిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రిలే పాతబడింది, కదిలే భాగాలు లేని సాలిడ్‌స్టేట్ రిలే కొనుక్కోమనే పక్షం ఒకటుంది. చప్పుడు చేయదు, అరగదు, సెకనుకు చాలాసార్లు ఆడుతుంది. నిజమే, సోల్డరింగ్ స్టేషన్ వేడికి అదే సరైనది. కానీ 10 ఆంపియర్ల దగ్గర పది వాట్లకు పైగా వేడి కక్కుతుంది, హీట్‌సింక్ లేకపోతే మాడుతుంది. ఆపినా కాస్త కరెంటు కారుతూనే ఉంటుంది, ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలుగుతూ ఉంటుంది. చెడిపోతే చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతుంది. పైగా అందులోనూ నకిలీలు. తైవాన్ కంపెనీ ఫోటెక్ పేరుతో వచ్చిన నకిలీ సరుకు మీద అమెరికా భద్రతా సంస్థ యూఎల్ బహిరంగ హెచ్చరికే చేయాల్సి వచ్చింది. ఇంటి పనికి గాలి ఎడంతో విడదీసే రిలేకే ఓటు.

ఆ గాలి ఎడాన్నే ఇప్పుడు మింగేస్తున్నారు. నీలం డబ్బాను తిరగేసి చూడండి. అయిదు కాళ్లుంటాయి. ఒక చివర రెండు కాయిల్ కాళ్లు, వాటి నడుమనే 230 ఓల్టులు మోసే కామన్ కాలు. కాయిల్‌కూ మెయిన్స్‌కూ మధ్య దూరం వేలి గోరంత కూడా లేదు. అందుకే మర్యాద తెలిసిన తయారీదారు కామన్ కాలి చుట్టూ బోర్డుకు గాడి కోస్తాడు. దుమ్ము పేరుకున్నా, తేమ పట్టినా కరెంటు పాకే దారి లేకుండా చేస్తాడు. చవక బోర్డుల్లో ఆ గాడి ఉండదు. డబ్బా మీద 10 ఆంపియర్లని ముద్రించి, కింద అందులో సగమే తట్టుకునే సన్నటి రాగి పట్టీ వేస్తారు. బిగించే రంధ్రాన్ని మెయిన్స్ పట్టీని ఆనుకునే పెడతారు, ఇనప స్క్రూ వేస్తే ఇక చెప్పేదేముంది! ఆప్టో ఐసొలేషన్ అని పెద్దక్షరాలు, లోపల రెండు వైపులా ఒకే గ్రౌండ్. అది రక్షణ కాదు, అలంకారం. పది రూపాయలు మిగిలాయని కొన్నవాడు మురుస్తాడు, ప్రమాదం ఎవరి చేతికి తగులుతుందో ఎవరూ అడగరు.

అంతకన్నా మండేది మరొకటి. అమీర్‌పేట చుట్టుపక్కల ఫైనలియర్ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా అమ్మే కొట్లు వెలిశాయి. ఫోనులో నొక్కితే బల్బు వెలుగుతుంది, రిలే టిక్‌మంటుంది, రిపోర్టు కూడా బైండింగ్ చేసి ఇస్తారు. ఆ బోర్డు మీద డయోడు ఎందుకుందో కొన్న విద్యార్థికి తెలియదు, అడిగే ఓపిక వైవాలో కూర్చున్నవారికి ఉండదు. పొగాకు డబ్బా రేకుతో, వంటగది బల్ల మీద పుట్టిన విద్యకు ఇంజినీరింగ్ కాలేజీల్లో పట్టిన గతి ఇది.

కాలేజీలను అడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. రెడీమేడ్ బోర్డు ఇచ్చే ముందు ప్రతి విద్యార్థి చేత ఒక రిలే, ఒక 2ఎన్2222 ట్రాన్సిస్టర్, ఒక డయోడు, ఒక కిలోఓమ్ రెసిస్టరుతో సొంతంగా సోల్డర్ చేయించండి, 12 ఓల్టుల బల్బు మీద నడిపించండి. డయోడు తీసేసి ట్రాన్సిస్టర్‌కు ఏమవుతుందో చూపించండి. హైదరాబాద్‌లో టీ-వర్క్స్ ఉంది, అలాంటి చోట్ల పిల్లలకు మెయిన్స్ భద్రత మీద ఒక పూట పాఠం పెట్టించండి. ఇంట్లో ప్రయోగాలు చేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మెయిన్స్ వైరు బిగించే ముందు ఎంసీబీ దించండి, బోర్డును ప్లాస్టిక్ పెట్టెలో బిగించండి, మొదటిసారి పక్కన ఎలక్ట్రీషియన్‌ను ఉంచుకోండి. బోర్డు తిరగేసి గాడి లేకపోతే దాన్ని 12 ఓల్టుల పనులకే వాడండి, 230 ఓల్టుల దగ్గరికి తీసుకెళ్లకండి.