పెళ్లి సంగతి చెప్పొచ్చు

ప్రేమ నవల ఇచ్చేటప్పుడు ముగింపు చెప్పేసినా నష్టం లేదు. డిటెక్టివ్ నవల ఇచ్చేటప్పుడు ముగింపు బాగుంటుందని అన్నా నష్టమే. కొలిమిగుండ్లలో మా ఇంటి బీరువా ముందు నిలబడి ‘ఏదన్నా ఒకటి ఇయ్యి’ అని అడిగేవాళ్లతో వేగుతూ నేను నేర్చుకున్నది ఇంతే. ఈ వారం దాని గురించే.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ సంగతే చూడండి. 1960ల్లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో అక్కినేని, వాణిశ్రీ సినిమా కూడా చేశారు. జయంతి, రాజశేఖరం చివరికి ఒకటవుతారని చదవనివాళ్లకు కూడా తెలుసు. అయినా ఆ పుస్తకం నా బీరువాలో రెండు నెలలు కుదురుగా కూర్చున్నది లేదు. పెళ్లవుతుందా లేదా అన్నది అక్కడ ఎవరికీ అక్కర్లేదు. అంత డబ్బున్నవాడి దగ్గర ఉద్యోగం చేస్తూ ఆ అమ్మాయి తన అభిమానం చంపుకోకుండా ఎట్లా నెగ్గుకొస్తుందన్నదే కావాలి. యద్దనపూడి హీరోలంటే ఆరడుగుల పొడుగు, కారు, బంగళా అని మగవాళ్లు తెగ ఎగతాళి చేస్తారు. వాళ్లు చూసింది కారునే. హీరోయిన్ ఆ కారెక్కనని చెప్పే పేజీలు వాళ్లు తిరగేసినట్టు లేదు.

అందుకే ప్రేమ నవల అడిగినవాళ్లకు పెళ్లి సంగతి ముందే చెప్పేస్తాను. బండల ఫ్యాక్టరీలో పొద్దంతా పాలిష్ మిషన్ మోత విని, ఒంటినిండా తెల్లదుమ్ముతో ఇంటికొచ్చిన మనిషికి చివర్లో ఏడుపు ఉందో లేదో తెలుసుకునే హక్కు ఉంది. లేదని తెలిస్తే మధ్యలో వచ్చే అపార్థాలన్నీ నిబ్బరంగా చదువుకుంటుంది.

కొమ్మూరి సాంబశివరావు దగ్గరకొస్తే లెక్క తిరగబడుతుంది. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు... ఈ పేర్లు వింటే ఇప్పటికీ మా వయసువాళ్ల మొహాలు వెలుగుతాయి. ‘చావు కేక’ ఇచ్చినా, ‘ఉరితాడు’ ఇచ్చినా నేను చెప్పేది మొదటి రెండు అధ్యాయాల్లో ఉన్నంతే. ‘నువ్వు అస్సలు ఊహించలేవబ్బా’ అన్నామా, చదివేవాడు మొదటి పేజీ నుంచే పుస్తకంలో అందరికంటే మంచివాణ్ణి పట్టుకుని అనుమానించడం మొదలుపెడతాడు. కొమ్మూరి పడ్డ కష్టమంతా మన పొగడ్త తినేస్తుంది. ఆయన పుట్టిన 1926లోనే అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ వచ్చింది. దాని పేరు చెప్పి పుస్తకం చేతిలో పెట్టి మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోవడమే మంచిది. మొహం చూసినా పట్టేసేవాళ్లు ఉంటారు.

తాడిపత్రిలో అద్దెకు పుస్తకాలిచ్చే బంకులు ఉన్న రోజుల్లో ఈ మర్యాద ఎవరికీ ఉండేది కాదు. డిటెక్టివ్ నవల తెరిస్తే పాత్ర పేరు మొదటిసారి వచ్చినచోటే కింద గీత గీసి, ‘వీడే’ అని పెన్సిలుతో రాసి ఉండేది. తప్పు పేరు కింద గీత గీసిన మహానుభావులూ ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవం. రచయిత పనిలో తామూ ఓ చెయ్యి వేశారు.

ఆ కాలంలో అన్నిటికంటే నమ్మకమైన సిఫార్సు మాత్రం ఆడవాళ్ల దగ్గర ఉండేది. వారపత్రికలో సీరియల్ వచ్చే పేజీలు వారం వారం చింపి, అన్నీ చేరాక దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచేవాళ్లు. ఒక పేజీ వెనక తలనొప్పి మాత్రల ప్రకటన, ఇంకో పేజీ వెనక వేరే కథ తోక. ఆ కట్ట వీధంతా తిరిగేది. బాగుందా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. కుట్టి దాచారంటేనే బాగున్నట్టు.

నేను కూడా ‘నీకెట్లాంటివి ఇష్టం’ అని అడగను. ఆ ప్రశ్నకు అందరూ మర్యాద కోసం ఏదో పెద్ద పేరు చెప్తారు. ‘సగంలో పారేసింది ఏది?’ అని అడుగుతాను. దానికి మాత్రం నిజం వస్తుంది.

ప్రేమనూ హత్యనూ కలపకూడదని పట్టుబట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఎస్.ఎస్. వాన్ డైన్ అనే అమెరికా రచయిత 1928లో డిటెక్టివ్ కథకు ఇరవై నియమాలు రాశాడు. అందులో మూడోది ప్రేమ వ్యవహారం ఉండరాదని. రెండేళ్లకే ఇంగ్లండులో డొరతీ సేయర్స్ ‘స్ట్రాంగ్ పాయిజన్’ రాసింది. అందులో డిటెక్టివ్ పీటర్ విమ్సీ, విషం పెట్టి చంపిందన్న నేరం మీద బోనెక్కిన హారియట్‌ను చూసి మనసు పారేసుకుంటాడు. జైలుకెళ్లి మరీ పెళ్లి మాట ఎత్తుతాడు. తర్వాతి నవలల్లో వాళ్ల పెళ్లవుతుంది. అది చెప్పేస్తున్నా. విషం పెట్టిందెవరో మాత్రం నన్నడగొద్దు.

తెలుగులో ఈ రెండు గట్ల మధ్యా నేను వేసే వంతెన యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’. చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. తానెవరో చెప్పదు, చిక్కుముడులు ఇచ్చి కనుక్కోమంటుంది. శవం లేదు, పోలీసు లేడు, అయినా కథంతా ఆచూకీ తీయడమే. పేరుకు ప్రేమ నవలే గానీ దీనికి మాత్రం డిటెక్టివ్ నవల కట్టుబాటే. చివర్లో ఏమవుతుందో నేను పైకి అనను. ఏడుపు ఉందో లేదో అడిగే హక్కు ఈ ఒక్క పుస్తకం దగ్గర రద్దు.

మా వీధిలో ఒకామె దీన్ని తీసుకుపోయి రెండు రాత్రుల్లో ముగించింది. నన్ను అన్నా అని పిలుస్తుంది కాబట్టి వాళ్లాయనకు నేను బావను. పుస్తకం తిరిగివ్వడానికి ఆయనొచ్చాడు. ‘నిన్న రాత్రి నుంచి మాట్లాడలేదు బావా, ఏం పుస్తకమిచ్చినావు?’ అన్నాడు. ఆయనా పాఠకుడే, మధుబాబు రాసిన షాడో నవలలు తప్ప ఇంకోటి ముట్టడు. మధుబాబు మీద నాకూ ప్రేమే గానీ, ఆ రోజు ‘సెక్రటరీ’కి పేపరు అట్ట వేసి ఇచ్చి పంపాను. ఇంకా తిరిగి రాలేదు.

ఆమెకు కొమ్మూరిని అలవాటు చేశాను. మూడోది తెచ్చిచ్చేటప్పుడు గడపలోనే నిలబడి, ‘హంతకుణ్ణి ముందే పట్టేసినా అన్నా. అది సరే గానీ ఈ యుగంధర్‌కు పెళ్లి చేయరా ఎవరూ?’ అంది. ఇంగ్లీషు చదవగలిగి ఉంటే సేయర్స్‌ను చేతిలో పెట్టేవాణ్ణి. ‘ఉరితాడు’ ఇచ్చి పంపాను.