పొగమంచులో భయం: ఒక బొమ్మల చిత్రం

భయాన్ని గురించి మనం పిల్లలకు చెప్పే మాట సాధారణంగా ఒక్కటే: "భయపడకు." పరీక్ష ముందురోజు రాత్రి నిద్రపట్టని విద్యార్థికి ఆ మాట ఎంతమాత్రం ఉపకరిస్తుందో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. ఆ మాట అనకుండానే భయాన్ని చూపి, ధైర్యాన్ని మిగిల్చిన బొమ్మల చిత్రం ఒకటి ఉన్నది. 1975లో మాస్కోలోని సొయుజ్‌ముల్త్‌ఫిల్మ్ స్టూడియోలో యూరీ నోర్‌స్తైన్ తీసిన "పొగమంచులో యోజిక్" అది. నిడివి సుమారు పది నిమిషాలు. కథ సెర్గేయ్ కొజ్లోవ్‌ది. బొమ్మలు నోర్‌స్తైన్ భార్య ఫ్రాంచెస్కా యార్‌బుసొవా గీసినవి.

యోజిక్ అంటే రష్యా అడవుల్లోని చిన్న ముళ్ళజంతువు. మన ఏదుపంది అనుకోరాదు. ఏదుపంది ఎలుకలవలె కొరికి తినే జాతి. ఇది ముఖ్యంగా పురుగులను ఏరుకొని తినే జానెడు ప్రాణి. చిత్రంలో ఇది సాయంకాలం జాము మూట పట్టుకొని, ఎలుగుబంటి పిల్లతో కలిసి నక్షత్రాలు లెక్కించడానికి బయలుదేరుతుంది. దారిలో పొగమంచు మధ్య ఒక తెల్లగుర్రం కనబడుతుంది. గుర్రం పడుకుంటే పొగమంచులో మునిగిపోతుందా? ఈ సందేహం తీర్చుకోవడానికే యోజిక్ దారి వదలి క్రిందికి దిగుతుంది. అంటే భయం కంటె ముందు కుతూహలం ఉన్నదన్నమాట.

ఇక ఆ పొగమంచును ఎట్లా తయారుచేశారో చూడండి. పైన కెమెరా, దానిక్రింద అంతస్తులుగా గాజుపలకలు, వాటిమీద కత్తిరించిన బొమ్మలు. బొమ్మమీద మిక్కిలి పలుచని కాగితం పరచి, ఒక్కొక్క ఫ్రేముకు కొంచెం కొంచెంగా కెమెరావైపు ఎత్తారు. అంతే! తరగతిలో దీన్ని పరీక్షించవచ్చు. వార్తాపత్రికమీద ట్రేసింగ్ కాగితం ఆనించండి, అక్షరాలు చదవవచ్చు. బొటనవ్రేలంత పైకెత్తండి, అలుక్కుపోతాయి. ప్రతి బిందువునుంచి వచ్చే కాంతిని కాగితం చెదరగొడుతుంది. దూరం పెరిగినకొద్దీ ప్రక్కప్రక్క బిందువుల కాంతులు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి.

భౌతికశాస్త్రం చెప్పేవాడిగా ఇక్కడ ఒక ఆక్షేపణ చేయక తప్పదు. నిజమైన పొగమంచు వస్తువుల అంచులను ఇంతగా అలకదు, వెలవెలబోజేస్తుంది. చలికాలపు వేకువలో పొలంగట్టున నిలబడి చూస్తే దూరపు తాడిచెట్టు బూడిదరంగులో కలిసిపోతుందే గాని, దాని ఆకారం చాలావరకు చెడదు. నీటితుంపరలు చెదరగొట్టిన కాంతి మనకూ చెట్టుకూ మధ్య తెరవలె నిలుస్తుంది. దూరం సమానంగా పెరుగుతూపోతే చెట్టుకూ వెనుకనున్న ఆకాశానికీ గల వెలుగుభేదం గుణశ్రేణిలో తగ్గిపోతుంది. ఈ లెక్కన నోర్‌స్తైన్ పొగమంచు తప్పే. అయినా నాకు నచ్చింది. అది యోజిక్ కంటికి కనబడే పొగమంచు కాదు, గుండె దడదడలాడుతున్నవానికి తోచే పొగమంచు.

ఆ దడను చిత్రం బాగా పట్టుకున్నది. రాలిన ఆకు ఒకటి యోజిక్‌ను హడలగొడుతుంది. ఆకు ఆకే, కాని చుట్టూ ఏమున్నదో తెలియనప్పుడు శరీరం ముందుగానే సిద్ధపడిపోతుంది. ఎడ్రినలిన్ రక్తంలో చేరుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, కారణం తరువాత వెతుక్కుంటాము. ఇక్కడ సంగీతం మాత్రం అతిగా ఉన్నది. ఎప్పుడు భయపడాలో వాద్యాలు మనకు చెప్పనవసరం లేదు.

పొగమంచు విడిపోవడంవల్ల యోజిక్ బయటపడలేదు. జారిపోయిన మూటను ఒక కుక్క తెచ్చి ఇస్తుంది. నదిలో పడినప్పుడు యోజిక్ వెల్లకిలా తేలి ప్రవాహానికి తన్ను అప్పగిస్తుంది. నీటిలోని ఎవరో వీపుమీద ఒడ్డుకు చేరుస్తారు. ఆవల ఎలుగుబంటి పిల్ల సమోవార్ వెలిగించి, ఆందోళనతో ఎదురుచూస్తూ ఉంటుంది. అది గలగల మాట్లాడుతుంటే, యోజిక్ మాత్రం గుర్రాన్ని తలచుకుంటుంది. ప్రకృతిని చూసి భయపడ్డది, భయపడిన తరువాత కూడా దానిపై ప్రేమ పోలేదు.

2003లో టోక్యోలో జరిగిన ఓటింగులో ఈ చిత్రాన్ని సర్వకాలాల బొమ్మల చిత్రాలలో మొదటిదిగా ఎన్నుకున్నారు. అట్లాంటి వరుసలమీద నాకు పెద్ద నమ్మకం లేదు. మా తరగతిలో చూపినప్పుడు వెనుక బెంచీలోని కుర్రవాడు ఒకడు, సాధారణంగా నోరువిప్పనివాడు, "గుర్రం మునిగిందా, సార్?" అన్నాడు. జవాబు చెప్పలేదు. గది కొలవమన్నాను: ఎనిమిది మీటర్లు, ఆరు మీటర్లు, ఎత్తు మూడు. ఘనమీటరు పొగమంచులో సాధారణంగా అర గ్రాముకు మించి నీరుండదు. గుణించి చూసి, గదినిండా పొగమంచు పట్టినా 72 గ్రాములే, అర గ్లాసైనా నిండదని వాడే చెప్పాడు.